కొవ్వు మాట్లాడుతుంది!

లావుగా ఉన్నవాళ్లకు ఉచిత సలహాలకు కొదవుండదు. ‘కాస్త నోరు కట్టుకోవచ్చుగా’ అనేది అందులో మొదటిది. పెళ్లి భోజనంలో రెండో జిలేబీ వడ్డించుకుంటే చాలు, పక్కవాళ్ల కళ్లన్నీ విస్తరి మీదే. తిండియావ, బద్ధకం, నిగ్రహం లేకపోవడం... లావెక్కడానికి కారణాలన్నీ అందరికీ ముందే తెలుసు మరి! కానీ, అమెరికాలో కొన్ని ఎలుకలు మాత్రం వేరే కథ చెప్పాయి.

మైన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున బార్ హార్బర్ అని చిన్న ఊరుంది. అక్కడి జాక్సన్ లేబొరేటరీలో పరిశోధనల కోసం ఎలుకల్ని పెంచుతారు. 1949లో వాటిలో కొన్ని బంతుల్లా గుండ్రంగా తయారవడం కనిపించింది. మామూలు ఎలుకకు దాదాపు మూడింతల బరువు. ఎంత మేత పెట్టినా ఇంకా కావాలి. వాటికి ‘ఓబీ’ ఎలుకలని పేరు పెట్టారు. 1960ల్లో అదే ల్యాబ్‌లో ఇంకో రకం బయటపడింది. లావుతో పాటు తీవ్రమైన మధుమేహం కూడా ఉన్న ఆ రకం పేరు ‘డీబీ’.

కెనడాలో పుట్టి ఆ ల్యాబ్‌లో చేరిన డగ్లస్ కోల్‌మన్‌కు ఓ అనుమానం వచ్చింది. ఆకలిని అదుపు చేసే పదార్థం ఏదో రక్తంలో తిరుగుతోందా? తేల్చుకోవడానికి రెండేసి ఎలుకల్ని పక్కపక్కన చేర్చి చర్మం కలిపి కుట్టేశాడు. కొన్నాళ్లకు సన్నని రక్తనాళాలు ఇటు నుంచి అటు పెరిగి ఒకదాని రక్తం మరోదాంట్లోకి చేరుతుంది. వింటేనే ఒళ్లు జలదరిస్తుంది గానీ, అసలు గుట్టు బయటపడింది ఇక్కడే.

డీబీ ఎలుకతో కలిపిన మామూలు ఎలుక తిండి మానేసింది. ఎదురుగా మేత ఉన్నా ముట్టకుండా ఆకలితో చనిపోయింది. డీబీతో కలిపిన ఓబీ ఎలుకదీ అదే గతి. డీబీ మాత్రం నిక్షేపంగా తింటూనే ఉంది! ఇక ఓబీని మామూలు ఎలుకతో కలిపితే ఓబీ తిండి తగ్గింది, బరువు పెరగడం నెమ్మదించింది. అంటే ‘ఇక చాలు’ అని చెప్పే పదార్థం ఓబీ ఒంట్లో తయారు కావడం లేదు. డీబీలో బోలెడంత తయారవుతోంది గానీ దాని మెదడుకు ఆ మాట వినిపించడం లేదు.

కోల్‌మన్ ఈ సంగతి 1973లో ప్రకటిస్తే నమ్మినవాళ్లు తక్కువ. లావు అలవాట్ల వల్ల వచ్చేదన్న అభిప్రాయం అంత గట్టిగా ఉండేది. పైగా ఆ పదార్థం ఏదో ఆయన చూపించలేకపోయాడు.

ఆ పని న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ చేశాడు. ఎనిమిదేళ్లు వెతికి 1994లో ఓబీ జన్యువును పట్టుకున్నాడు. అది పనిచేసే చోటే అసలు వింత. కొవ్వు కణాల్లో! అంతవరకూ కొవ్వంటే గోదాములో పేర్చిన బస్తాలనుకునేవారు. ఆ బస్తాలే ‘మేం ఇన్ని ఉన్నాం’ అంటూ మెదడుకు లెక్క పంపుతున్నాయన్నమాట. లెక్క మోసుకెళ్లే హార్మోనుకు ఫ్రీడ్‌మన్ ‘లెప్టిన్’ అని పేరు పెట్టాడు. గ్రీకులో లెప్టోస్ అంటే సన్నని అని అర్థం.

కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడులోని హైపోథాలమస్ కరవొచ్చిందనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఒంట్లో శక్తి ఖర్చు తగ్గిస్తుంది. కడుపు మాడ్చుకుని నాలుగు కిలోలు తగ్గినవాళ్లు కొన్ని నెలలకే మళ్లీ మొదటికి రావడం వెనుక ఇదీ ఒక కారణం.

ఇంకేం, ఊబకాయానికి మందు దొరికిందన్నారు. ఆమ్‌జెన్ కంపెనీ హక్కుల కోసం 2 కోట్ల డాలర్లు ఇచ్చింది. తీరా చూస్తే లావుగా ఉన్నవాళ్లలో చాలామందికి లెప్టిన్ తక్కువ లేదు, ఎక్కువే ఉంది! రోజంతా మైకు మోగుతుంటే చెవికి ఆననట్టు, మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది. ఇంజెక్షన్లు పెద్దగా పనిచేయలేదు.

కొద్దిమందికి మాత్రం అదే ప్రాణం పోసింది. 1997లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి పరిశోధకులు స్టీఫెన్ ఓ రాహిలీ, సదఫ్ ఫరూకీ బృందం ఇద్దరు పిల్లల గురించి రాసింది. పాకిస్థాన్ మూలాలున్న, దగ్గరి బంధువుల్లో పెళ్లిళ్లు జరిగిన కుటుంబం వాళ్లది. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు, ఆమె బంధువైన రెండేళ్ల బాబు 29 కిలోలు. పుట్టినప్పుడు ఇద్దరూ మామూలు బరువే. పిల్లల్ని ఇలాగేనా పెంచేది అన్న మాట అలాంటి తల్లిదండ్రులకు తప్పదు కదా. పరీక్ష చేస్తే ఇద్దరి ఒంట్లోనూ లెప్టిన్ లేనట్టే. అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు జన్యువులూ పాడైనవే. మేనరికాలు మనకు కొత్త కాదు గనుక ఈ ముక్క గుర్తుపెట్టుకోదగ్గదే.

పాపకు రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆకలి తగ్గింది. ఏడాదిలో 16 కిలోలు దిగింది, పోయినదంతా దాదాపు కొవ్వే. కోల్‌మన్, ఫ్రీడ్‌మన్‌లకు 2010లో లాస్కర్ అవార్డు వచ్చింది. 2014లో కోల్‌మన్ కన్నుమూశాడు. లెప్టిన్ లోపంతో పుట్టిన పిల్లలకు ఇప్పటికీ ఆ ఇంజెక్షనే దిక్కు. మానేస్తే కొద్ది రోజులకే పాత ఆకలి తిరిగొస్తుంది.