మెడ నుంచి వచ్చే తలనొప్పి: కైరోప్రాక్టిక్ చికిత్స ఎంతవరకు ఉపయోగపడుతుంది?

పరిచయం

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివేవారు ఉదయం ఒకసారి సీటు దొరికితే సాయంత్రం దాకా దాన్ని వదులుకోరు. కోచింగ్ అశోక్‌నగర్‌లో, గది అడిక్‌మెట్‌లో, పుస్తకం ఒళ్లోనో తక్కువ ఎత్తు బల్ల మీదనో. అలాంటి ఒక విద్యార్థిని ఊహించుకుందాం. నాలుగు నెలలుగా మధ్యాహ్నం దాటేసరికి ఆమెకు కుడివైపు మెడ పట్టేసి, నొప్పి పిడతల మీదుగా కంటి వెనక్కి పాకుతోంది. స్నేహితురాలు జండూబామ్ రాస్తుంది, మెడికల్ షాపతను మాత్ర ఇస్తాడు, ఫోన్లో చూసిన వీడియోలో ఎవరో ఒకరి మెడను 'టక్' మనిపించగానే ఆ మనిషి నవ్వుతూ లేస్తాడు. అలా చేయించుకుంటే తనకూ తగ్గుతుందా అన్నది ఆమె సందేహం.

ఈ ప్రశ్నకు జవాబు ఆమెకు వస్తున్నది ఏ తలనొప్పి అన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే ముందు మెడకూ తలకూ ఉన్న సంబంధాన్ని చూసి, తరువాత చికిత్స సంగతి పరిశీలిద్దాం. మీలో చాలామంది పగలు ఉద్యోగం చేసి రాత్రి ఈ పుస్తకం తెరిచేవారే. ఈ పేజీ చదువుతున్నప్పుడు మీ మెడ ఎంత వంగి ఉందో కూడా ఒకసారి గమనించండి.

మెడలోని నొప్పి తలలో ఎందుకు తెలుస్తుంది?

మెడలో ఏడు వెన్నుపూసలున్నాయి. పైనున్న మొదటిదాన్ని అట్లాస్ అనీ, రెండోదాన్ని ఆక్సిస్ అనీ అంటారు. తలను పక్కకు తిప్పినప్పుడు జరిగే కదలికలో దాదాపు సగం ఈ రెండింటి మధ్యనే జరుగుతుంది. ఈ పై మూడు పూసల దగ్గరి కీళ్లు, కండరాలు, స్నాయువుల నుంచి నొప్పి సమాచారాన్ని మొదటి మూడు మెడ నాడులు మోస్తాయి. నుదురు, కన్ను, చెంప నుంచి సమాచారం తెచ్చేది త్రిధార నాడి. ఈ రెండు దారులూ వెన్నుపాము పైభాగంలో ఒకే నాడీకణాల సమూహం దగ్గర కలుస్తాయి. రెండు వీధుల ఉత్తరాలు ఒకే సంచిలో పడితే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పోస్ట్‌మాన్ పొరబడవచ్చు. మెదడూ అలాగే పొరబడి, మెడలో పుట్టిన నొప్పిని కంటి వెనుక నొప్పిగా గుర్తిస్తుంది.

దీన్ని బట్టి మెడ మూలంగా తలనొప్పి రావడం సాధ్యమే. అయితే ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ కూడలి రెండువైపులా పనిచేస్తుంది. మైగ్రేన్, అంటే పార్శ్వపు నొప్పి, మొదలైనప్పుడు త్రిధార నాడి ఉద్రేకం మెడ వైపు కూడా తెలుస్తుంది. మైగ్రేన్ ఉన్నవారిలో మెడనొప్పి చాలా సామాన్యం. కొందరిలో తలనొప్పికి కొన్ని గంటల ముందే మెడ బిగుసుకుంటుంది. 'మెడ పట్టేసింది, అందుకే తలనొప్పి వచ్చింది' అని వారు అనుకుంటారు. నిజానికి మైగ్రేన్ అప్పటికే మొదలై ఉంటుంది. మెడ బిగుసుకోవడం దాని మొదటి సంకేతం. ఫలితాన్ని కారణంగా పొరబడటమంటే ఇదే.

ఏ తలనొప్పి?

మెడ నుంచి వచ్చే తలనొప్పికి నార్వే నాడీవైద్యుడు ఒట్టార్ స్యోస్టాడ్ 1983లో 'సెర్వికోజెనిక్ తలనొప్పి' అని పేరుపెట్టాడు. ఇది సాధారణంగా ఒకవైపే వస్తుంది, పక్క మారదు. మెడలో మొదలై ముందుకు వస్తుంది. మెడ తిప్పినా, పై పూసల దగ్గర వేలితో నొక్కినా పెరుగుతుంది, మెడ కదలిక తగ్గుతుంది. తలనొప్పులన్నింటిలో దీని వాటా చిన్నదే.

మైగ్రేన్ ఇందుకు భిన్నం. చికిత్స లేకపోతే 4 నుంచి 72 గంటలు ఉంటుంది. తలలో నరం కొట్టుకున్నట్టుగా ఉంటుంది, మెట్లెక్కితే ఎక్కువవుతుంది, వికారం పుడుతుంది, వెలుగు, శబ్దం భరించలేక చీకటి గది కావాలనిపిస్తుంది. 2016 అంచనా ప్రకారం ప్రపంచంలో 100 కోట్లకు పైగా మందికి మైగ్రేన్ ఉంది. మూడోది, అన్నింటికంటే సామాన్యమైనది, ఒత్తిడి తరహా తలనొప్పి. తలచుట్టూ పట్టీ బిగించినట్టు రెండువైపులా ఉంటుంది, పని ఆగిపోయేంత తీవ్రంగా ఉండదు.

పరీక్షలకు చదివేవారిలో కనిపించే మరో రకాన్ని కూడా చెప్పాలి. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు లేదా అంతకు మించి, అలా మూడు నెలలకు పైగా వాడితే మాత్రల వల్లనే తలనొప్పి రావచ్చు. రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే నెలకు 10 రోజులే హద్దు. అలాంటివారి మెడను ఎంత సవరించినా ప్రయోజనం ఉండదు.

కైరోప్రాక్టిక్ అంటే?

గ్రీకు భాషలో 'చేయి', 'పని' అనే మాటల నుంచి ఈ పేరు వచ్చింది. అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ పట్టణంలో డానియల్ డేవిడ్ పామర్ 1895లో దీన్ని ప్రారంభించాడు. హార్వీ లిలార్డ్ అనే కార్మికుడి వెన్నుపూసను సవరించి అతని చెవుడు పోగొట్టానని పామర్ చెప్పుకున్నాడు. వ్యాధులకు మూలం వెన్నుపూసలు స్థానం తప్పడమే అన్నది అతని సిద్ధాంతం. చెవి నాడి వెన్నుపూసల మధ్య నుంచి పోదు కాబట్టి ఆ కథ శరీర నిర్మాణ శాస్త్రానికి పొసగదు. వ్యాధులన్నీ వెన్నులోనే పుడతాయన్న వాదానికి నేటి వైద్యంలో ఆధారం లేదు. కానీ సిద్ధాంతం తప్పయినంత మాత్రాన చేతి పని వల్ల ఉపశమనం కలగకూడదని ఏమీ లేదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి.

చేతి పనిలో రెండు రకాలున్నాయి. కీలును నెమ్మదిగా, రోగి ఎప్పుడైనా ఆపగలిగేలా కదిలించడం ఒకటి. క్షణంలో చిన్న విసురు ఇవ్వడం రెండోది. 'టక్' మన్న శబ్దం వచ్చేది ఇందులోనే. ఆ శబ్దం ఎముక తిరిగి చోటుకు చేరినందువల్ల రాదు. కీలులోని ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి వాయువు ఖాళీ ఏర్పడటం వల్ల వస్తుంది, వేళ్లు విరిచినప్పటిలాగే. కాబట్టి శబ్దం బాగా వచ్చిందంటే చికిత్స బాగా కుదిరినట్టు కాదు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

సెర్వికోజెనిక్ తలనొప్పి విషయంలో ఆధారాలు కొంత ఆశాజనకంగా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో గ్వెన్ జల్ బృందం 200 మందిని నాలుగు వర్గాలుగా విభజించి 2002లో ఫలితాలు ప్రకటించింది. ఒక వర్గానికి చేతి చికిత్స, ఒకదానికి మెడ, భుజాల వ్యాయామాలు, ఒకదానికి రెండూ ఇచ్చారు, నాలుగో వర్గానికి ఏదీ ఇవ్వలేదు. చికిత్స పొందిన మూడు వర్గాల్లోనూ తలనొప్పి తగ్గింది, ఆ మేలు ఏడాది తరువాత కూడా నిలిచింది. ఇందులో చికిత్స చేసినవారు ఫిజియోథెరపిస్టులు. వ్యాయామం ఒక్కటే చేసినవారికి కూడా చేతి చికిత్సకు దీటైన ఫలితం రావడం గమనించదగ్గది. అమెరికాలో 256 మందిపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో ఆరు వారాల్లో 18 సార్లు చికిత్స పొందినవారికి నెలకు 16గా ఉన్న తలనొప్పి రోజులు సుమారు 8కి తగ్గాయి. తేలికపాటి మర్దన మాత్రమే పొందినవారికీ కొంత తగ్గింది. వారితో పోలిస్తే అసలు తేడా సుమారు మూడు రోజులే.

మైగ్రేన్ దగ్గరికి వస్తే చిత్రం మారుతుంది. నార్వేలో అలెక్సాండర్ షైబీ బృందం 104 మందితో చేసిన ప్రయోగం 2017లో ప్రచురితమైంది. ఒక వర్గానికి నిజమైన కైరోప్రాక్టిక్, మరో వర్గానికి అలాగే అనిపించే ఉత్తుత్తి చికిత్స, మూడో వర్గానికి వారు వాడే మందులే. చికిత్స ముగిసేసరికి మూడింటిలోనూ మైగ్రేన్ రోజులు తగ్గాయి. నిజమైన చికిత్సకూ ఉత్తుత్తి చికిత్సకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తగ్గుదలలో పెద్ద భాగం నమ్మకం వల్ల, శ్రద్ధగా చూశారన్న భావన వల్ల వచ్చిందని పరిశోధకులు భావించారు. షైబీ స్వయంగా కైరోప్రాక్టర్ కావడం వల్ల ఈ ఫలితానికి మరింత విలువ ఉందని నా అభిప్రాయం.

ప్రమాదం

మెడ పూసల పక్క రంధ్రాల గుండా రెండు వెర్టిబ్రల్ ధమనులు మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకుపోతాయి. మెడను విసురుగా తిప్పినప్పుడు వీటి లోపలి పొర చిరిగి, గడ్డకట్టిన రక్తం మెదడులోకి చేరితే పక్షవాతం రావచ్చు. ఇది అరుదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో దీనిపై ఒక ప్రకటన చేసింది. మెడ విసురుకూ ధమని చిరుగుకూ సంబంధం కనిపిస్తోందనీ, అదే కారణమని రుజువు కాలేదనీ, అయినా చికిత్సకు ముందు రోగికి ఈ సంగతి చెప్పాలనీ అది పేర్కొంది. రుజువు ఎందుకు కష్టమంటే, ధమని చిరగడం మొదలైనప్పుడు వచ్చే మొదటి లక్షణాలు మెడనొప్పి, తలనొప్పే. వాటితోనే మనిషి చికిత్సకుడి దగ్గరికి వెళతాడు. కెనడాలోని ఒంటారియోలో 2008 నాటి అధ్యయనంలో కైరోప్రాక్టర్‌ను చూసినవారిలోనే కాక మామూలు డాక్టరును చూసినవారిలోనూ ఇలాంటి సంబంధమే కనిపించింది.

మెడ భంగిమ ఒక్కటే ఎంత పని చేయగలదో హైదరాబాదు ఉదంతం చెబుతుంది. బ్యూటీపార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకున్న 50 ఏళ్ల మహిళకు తల తిరగడం, వాంతులు మొదలై, తరువాత అది పక్షవాతమని తేలింది. అపోలో ఆసుపత్రి న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ 2022లో ఈ సంగతి వెల్లడించారు. అది కైరోప్రాక్టిక్ కాదు, క్షవరశాలలో మసాజ్ చివర విరిచే మెడా కైరోప్రాక్టిక్ కాదు. కానీ ధమనికి ఆ తేడా తెలియదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

అమెరికాలో కైరోప్రాక్టర్‌కు ప్రత్యేక డిగ్రీ, రాష్ట్ర లైసెన్సు ఉండాలి. బ్రిటన్‌లో 1994 నాటి చట్టం కింద నియంత్రణ మండలి ఉంది. మన దేశంలో ఈ వృత్తికి ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. అందువల్ల బోర్డు మీది మాట కంటే చేసేవారి చదువు ముఖ్యం. విదేశంలో పూర్తి డిగ్రీ చదివారా, ఫిజియోథెరపీ చదివి మెడ చికిత్సలో శిక్షణ పొందారా, కొద్ది రోజుల కోర్సు మాత్రమే చేశారా అని అడగడంలో మొహమాటం అక్కరలేదు. తలనొప్పి గురించి, మందుల గురించి ఏమీ అడగకుండా మెడ మీద చెయ్యి వేసేవారి దగ్గర నుంచి లేచి రావడమే మేలు.

మన విద్యార్థిని ముందు డాక్టరును కలవాలి. అడిక్‌మెట్ నుంచి గాంధీ ఆసుపత్రి దూరమేమీ కాదు. వెళ్లే ముందు ఒక నెలపాటు తేదీ, మొదలైన సమయం, ఏ పక్క, వికారం ఉందా, ఏ మాత్ర వేసుకున్నారు అన్నవి నోట్‌బుక్‌లో రాసుకుంటే నిర్ధారణ సగం పూర్తయినట్టే. మైగ్రేన్ అని తేలితే దాన్ని నివారించే మందులున్నాయి. మెడ నుంచే అని తేలితే ఫిజియోథెరపిస్టు దగ్గర నెమ్మదైన చేతి చికిత్స, వ్యాయామం సరిపోవచ్చు. విసురు లేకుండా చేయమని అడిగే హక్కు రోగికి ఎప్పుడూ ఉంటుంది.

ఆ వ్యాయామంలో ముఖ్యమైనది చాలా చిన్నది. వెల్లకిలా పడుకుని, తల ఎత్తకుండా, 'సరే' అన్నట్టు గడ్డాన్ని కొద్దిగా కిందికి దించి పది సెకన్లు ఉంచాలి. ఇలా పదిసార్లు. చదివేటప్పుడు పుస్తకాన్ని స్టాండు మీద కళ్ల ఎత్తుకు దగ్గరగా పెట్టాలి, అరగంటకోసారి లేవాలి. తల బరువు సుమారు 5 కిలోలు. 60 డిగ్రీలు వంచితే మెడపై భారం 27 కిలోల దాకా ఉంటుందని 2014లో ఒక గణిత నమూనా అంచనా వేసింది. మనుషుల మీద కొలిచిన సంఖ్య కాకపోయినా, వంపు పెరిగే కొద్దీ భారం పెరుగుతుందన్నది నిజమే.

ఒక్కసారిగా ఎన్నడూ లేనంత తలనొప్పి, మెడనొప్పితో పాటు తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, ముఖం ఒకవైపు వాలడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం వంటివి కనిపిస్తే ఏ చేతి చికిత్సకూ వెళ్లకూడదు. 108కి ఫోన్ చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మైగ్రేన్‌లో మెడనొప్పి ఎందుకు వస్తుందో నాడీ మార్గాల ఆధారంగా వివరించండి.

2. నార్వే ప్రయోగంలో ఉత్తుత్తి చికిత్స పొందిన వర్గం లేకపోతే ఏ తప్పు నిర్ణయానికి వచ్చేవారు?

3. మీ ఇంట్లోగాని, మీరు పనిచేసే చోటగాని తరచూ తలనొప్పి వచ్చే ఒకరిని మాట్లాడించి, వారి అనుమతితో పై లక్షణాలను నమోదు చేయండి. అది ఏ రకం కావచ్చో, ఏ వివరం ఇంకా తెలియాలో రాయండి.