కూచిపూడి భాగవతులు - వేషధర్మము, పోషణవిధానము

విజయవాడనుండి మచిలీపట్టణమునకుఁ బోవు రాజమార్గమున నున్న పామర్రు కూడలియొద్దఁ జీలి చల్లపల్లివైపు పోవు బాట కూచిపూడి యగ్రహారమునకుఁ గొనిపోవును. ఈ గ్రామము వేషధారులకుఁ బ్రసిద్ధము. వేషము కట్టువానికి గ్రంథ మొక్కటియే చాలదు. వానిని, వాని తోడివారిని నిలుపునట్టి యేర్పా టొకటి కావలయును. ఆ యేర్పాటు కూచిపూడియం దెట్లుండెనో, ఎందువలన నిలిచెనో, ఎచ్చట మాఱెనో నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము. పోల్చి చూచుటకై పాశ్చాత్యదేశమునఁ బుట్టిన యొక పాత్రధారణక్రీడ యిందుఁ దోడుగాఁ దీసికొనఁబడినది.

గ్రామస్థుల యైతిహ్యము ననుసరించి, సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, కూచిపూడి బ్రాహ్మణకుటుంబముల బాలురచేఁ బ్రదర్శింపఁజేసి, ఆ కుటుంబములఁ బుట్టిన ప్రతిపురుషుఁడును జీవితమున నొక్కమాఱైన సత్యభామవేషము ధరింపవలయునని ప్రమాణము చేయించెను. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672-1687) భాగవతుల యాటను జూచి మెచ్చి యగ్రహార మిచ్చెననుటయు నైతిహ్యమే. ఐతిహ్యమును శాసనముగాఁ గొనరాదు. అయినను 1763 నాఁటి భాగపత్ర మొకటి యిచ్చటి భూమి పదునైదు కుటుంబములకుఁ బంచఁబడిన సంగతిని దెలుపుచున్నది. మాచుపల్లి కైఫీయతులో విజయనగరప్రభువగు వీరనరసింహరాయల యెదుటఁ గూచిపూడివారు కేళిక చేసిన ప్రస్తావన మున్నది. అది యథార్థమైనచో నీ యాటగాండ్రు తానీషాకు నూఱేండ్లకుఁ బైఁబడి పూర్వమే యుండిరని చెప్పవలయును. అనఁగా దాత యీ సమాజమును బుట్టింపలేదు; పుట్టియున్న సమాజమునకు నిలుకడ కల్పించెను.

ఈ పోషణమునకు మూఁ డంగములు గలవు. మొదటిది భూమి. మేళములు ఊరూరఁ దిరిగి సంపాదించిన దెంత యైనను, తిరిగివచ్చుటకు స్వగ్రామమున నిల్లును బొలమును నుండుటచేఁ గుటుంబములు చెదరక నిలిచినవి. రెండవది ప్రమాణము. దీని ప్రయోజనము పైకిఁ గానవచ్చునంత స్వల్పము గాదు. ప్రతివాఁడును సత్యభామ కావలసినవాఁడే యైనచో, ప్రతిభ గలవాఁడును లేనివాఁడును ఒక్కతీరున శిక్షణ పొందును. ఇట్టి గ్రామమున ఎదుటఁ గూర్చున్న ప్రేక్షకుఁడు గూడ నొకనాఁడు జడ వేసికొన్నవాఁడే. తప్పు నెఱుఁగఁగల సభ యుండుటకంటె నటునకు మించిన గురువు లేఁడు.

మూఁడవది గ్రంథస్వభావము. భామాకలాపమున దరువులు, పద్యములు నియతములు. వానినడుమ సంవాదము మాత్రము చాలవఱకు నటుల యుపజ్ఞకు విడువఁబడినది. సూత్రధారుఁడు సత్యభామయొద్ద మాధవి యగును, కృష్ణునియొద్ద మాధవుఁ డగును. ప్రశ్నలు వేసి, పరిహసించి, భామచేఁ గథ చెప్పించును. సత్యభామ తెరమీఁదుగా జడను బయటికి వేయుట సభలోని పండితులకు సవాలని ప్రసిద్ధి. ఎదుటివాఁ డేమి యడుగునో ముందుగాఁ దెలియదు గనుక సంగీతనాట్యములతోఁ బాటు అలంకారశాస్త్రమును, సమయస్ఫూర్తియు నటునకు వలసియుండెను. గ్రంథకర్త విడిచిన యీ యవకాశమే తరతరముల నటులను గ్రంథమునకుఁ గట్టివేసినది.

ఇట్టి యవకాశమునే యాధారముగాఁ గొన్న క్రీడ యొకటి 1974 లో అమెరికాలో వెలువడినది. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచించిన ఈ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జనీవాలోని టీ.ఎస్.ఆర్. సంస్థ ప్రకటించెను. కొందఱు బల్లచుట్టుఁ గూర్చుండి యొక్కొక్క పాత్రను బూని మాటలతోనే కథ నడపుదురు. ‘డంజన్ మాస్టరు’ అనువాఁడు తక్కిన పాత్రలనెల్లఁ దానే పలికించును. సందిగ్ధస్థలములఁ బాచికలు ఫలమును నిర్ణయించును. ఇందు రంగము లేదు, ఆహార్యము లేదు. సూత్రధారుని పని మాత్ర మున్నది.

ప్రకాశకు లమ్మినది నియమగ్రంథము. కథను గల్పించుకొనువా రాటగాండ్రే. కావున గ్రంథవిక్రయముతోఁ బని ముగియలేదు. 1968 లో గైగాక్స్ ఆరంభించిన జెన్‌కాన్ అను వార్షికసమ్మేళనము, 1976 లో మొదలైన ‘డ్రాగన్’ పత్రిక, 1980 లో సంస్థవారు నెలకొల్పిన యాటగాండ్ర సంఘము అపరిచితులను ఒక్క బల్లకుఁ జేర్చినవి. 1997 లో టీ.ఎస్.ఆర్.ను గొనిన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2000 లో నొక యనుమతిపత్రము వెలువరించి, మూలనియమముల నాధారముగాఁ గొని యితరులును గ్రంథములు వ్రాసి యమ్ముకొనవచ్చునని ప్రకటించెను. 2023 జనవరిలో నా యనుమతిని మార్పఁదలఁచిన సంగతి బయటఁబడఁగా నాటగాండ్రు తీవ్రముగా నెదిర్చిరి. ఆ నెలలోనే సంస్థ వెనుకకుఁ దగ్గి, మూలనియమములను ‘క్రియేటివ్ కామన్స్’ అను సార్వజనికానుమతిక్రింద విడిచెను. అట్లు విడిచినది మరల మఱలించుకొనరానిది.

ఈ రెండింటిని బోల్చినచో నొక సామాన్యధర్మము తేలుచున్నది. పోషకుఁ డిచ్చినది పోషకుని చేతిలోనే యున్నంతవఱకు నది యనుగ్రహము మాత్రమే. ఆటవారి చేతికిఁ బూర్తిగా వచ్చిన పిమ్మటనే యది యాధారము. గోలకొండ రాజ్యము 1687 లో నస్తమించినను గూచిపూడి భూమి కుటుంబములయొద్దనే నిలిచినది. అమెరికా క్రీడకుఁ దుదకు లభించినదియు నిట్టి స్థిరత్వమే.

భేదమును గలదు. పుస్తకము కొన్నవాఁ డెవ్వఁడైనను బల్లయొద్దఁ గూర్చుండవచ్చును. కూచిపూడిమేళమునఁ జేరుటకు జన్మము ప్రమాణము. కృష్ణాగోదావరీమండలములఁ గళావంతులు భామాకలాపము నాడుచునే యుండినను గ్రామమేళమున స్త్రీకిఁ జోటు లేకుండెను. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకు విద్య గఱపిరి. వెంపటి చినసత్యంగారు 1963 లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడెమీని స్థాపించి దేశాంతరములనుండి వచ్చినవారికిని నేర్పిరి. గ్రామమునను బందా కనకలింగేశ్వరరావుగారి పూనికతో సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసి, తరువాతఁ దెలుగు విశ్వవిద్యాలయమున కంగమైనది. సత్యభామవేషమున వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935-2012) పొందిన కీర్తి పురుషవేషసంప్రదాయమునకు మకుటాయమానము. నేఁడు కూచిపూడి నాడువారిలో స్త్రీలే యధికులు.

ఈ విస్తరణము న్యాయ్యము, అవశ్యకమును. అయితే యేకపాత్రనాట్యము ప్రబలినకొలఁదిని సంవాదము కుంచించినది. సూత్రధారుఁడు ప్రశ్నించువాఁడుగాక నట్టువాంగము చేయువాఁ డయ్యెను. దరువు నేర్పిన శిష్యునకు దరువు వచ్చును గాని, ఎదురుప్రశ్నకుఁ బ్రత్యుత్తర మిచ్చు నేర్పు సభలో నలువురితో నాడఁగాఁ గాని రాదు. బల్లచుట్టుఁ గూర్చుండు విదేశీయులు వారమువారమును సాధన చేయుచున్నది యా నేర్పునే. కళాశాలలందును బాఠశాలలందును దరువుతోఁ బాటు సంవాదమునకును బాఠక్రమమున నొక గంట కేటాయించి, విద్యార్థులు వంతులవారిగా మాధవి యగుదురేని, సిద్ధేంద్రునిదిగాఁ జెప్పఁబడు ప్రమాణములోని ముఖ్యార్థము జన్మనియమము లేకయే నెఱవేఱఁగలదు.