ఇటలీలో ఒక్క సెమిస్టరు... ఏం నేర్పుతుంది?

సినిమాలో సెట్టింగు బ్రహ్మాండంగా వుంటే మనవాళ్లు ఈలలు వేస్తారు. అది వేసినవాడి పేరు అడగండి... నోరు మెదపరు!

'గ్యాంగ్స్ ఆఫ్ న్యూయార్క్' (2002) చూశారు కదా? అందులోని పాతకాలపు న్యూయార్క్ వీధులు అమెరికావి కావు సుమా! రోమ్ నగరంలోని చినెచిత్తా స్టూడియోలో వేసిన సెట్లు. వేసినవాడు దాంతే ఫెర్రెట్టి అనే ఇటలీ కళాదర్శకుడు. ఆ తరవాత మూడుసార్లు ఆస్కార్ గెలుచుకున్నాడు. దుస్తుల రూపకల్పనలో మిలెనా కనొనేరో అయితే నాలుగు గెలుచుకుంది. ఆమెదీ ఇటలీయే.

ఇటాలియన్‌లో 'దిసేన్యో' అని ఒక మాట వుంది. బొమ్మ గీయడాన్నీ అలాగే అంటారు, వస్తువుకి రూపం కల్పించడాన్నీ అలాగే అంటారు. ఫ్లోరెన్స్‌లో 1563లో వెలసిన కళాకారుల అకాడెమీ పేరులోనే ఆ మాట వుంది. చేత్తో గీయనిదే డిజైన్ లేదన్నమాట! దర్శకుడు ఫెల్లినీ కూడా సినిమాల్లోకి రాకముందు హాస్యపత్రికకి కార్టూన్లు వేసినవాడే. మన బాపుగారి సంగతి వేరే చెప్పాలా?

అందుకే కళ, డిజైన్ చదివే కుర్రకారు ఒక్క సెమిస్టరైనా ఇటలీలో చదవాలని ఉబలాటపడుతుంటారు. ఫర్నిచరు, ఫ్యాషన్ అంటే మిలాన్. శిల్పం, చిత్రలేఖనం, తోలుపని అంటే ఫ్లోరెన్స్. సినిమా అంటే రోమ్. అయితే అక్కడి పేరున్న సినిమా బడి చెంత్రో స్పెరిమెంతాలేలో చదువు మూడేళ్లు. నాలుగు నెలల్లో తేలే వ్యవహారం కాదు.

ఇంతకీ ఆ నాలుగు నెలల్లో ఏం వస్తుంది?

ఫ్లోరెన్స్‌లో మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం వుంది. ఎత్తు 5 మీటర్ల పైమాటే. ఫోనుతో ఫొటో తీస్తే ఒక్క క్షణం పని. అదే దాని ముందు గంటసేపు కూచుని పెన్సిలుతో గీయండి... కుడిచెయ్యి కాగితంమీద ఎంతకీ కుదరదు! ఒంటికి తగ్గదానికంటే పెద్దగా వుంటుందది. తలా అంతే. 1501లో పని మొదలైనప్పుడు ఆ విగ్రహాన్ని పెద్ద చర్చిమీద బాగా ఎత్తున నిలబెట్టాలనుకున్నారు. కింద నిలబడి తలెత్తి చూసేవాడి కన్నుకోసమే అలా చెక్కాడని కళాచరిత్ర రాసినవాళ్లు కొందరంటారు. సినిమా సెట్టు రహస్యమూ ఇదే! కెమెరా ఎక్కడ్నుంచి చూస్తుందో తెలిస్తేనే గోడ ఎంత ఎత్తు లేపాలో తెలిసేది.

ఇక లెక్కలు. మీ కాలేజీకి అక్కడి విద్యాసంస్థతో ఒప్పందం వుంటే సాధారణంగా ఫీజు ఇక్కడ కడితే చాలు. ఇంటద్దె, తిండి మాత్రం మీవే. మిలాన్ అద్దెలు గుండె గుభేలుమనిపిస్తాయి. 90 రోజులు దాటితే జాతీయ వీసా కావాలి. దిగిన 8 పనిదినాల్లోగా పోస్టాఫీసుకెళ్లి నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. పరీక్షలకి 30 మార్కులు, 18 వస్తే పాసు. చాలావాటికి జవాబు రాయడం కాదు, మాస్టారి ఎదుట కూచుని నోటితో చెప్పాలి! ఒక్క చల్లని కబురు... నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాల్లో టిక్కెట్టు లేదు.

నాన్నచేత అప్పు చేయించి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. నాలుగు నెలల్లో ఎవరూ ఫెర్రెట్టి అయిపోరు. గీసే అలవాటుతో వెళ్లినవాడికి అక్కడ ప్రతి వీధీ క్లాసుగదే. అలవాటు లేనివాడికి మిగిలేది ఫొటోలు, బాకీ.

అంచేత వీసా సంగతి తరవాత. ముందొక నోటుపుస్తకం కొనండి. మీ వూరి బస్టాండులో బెంచీమీద కునుకుతున్న మనిషిని గీయండి. చెయ్యి కుదరలేదా? భేష్... చదువు మొదలైనట్టే!