పదవ తరగతి పిమ్మట ఎలక్ట్రానిక్స్ విద్య

రేడియోలో క్షీణ సంకేతమును పెంచు ట్రాన్సిస్టరునకును, 2017లో పూర్తియైన కర్నూలు సోలార్ పార్కున ఎండను విద్యుత్తుగా మార్చు పలకకును మూలమొక్కటే: రెండు విధములైన అర్ధవాహకములు కలియు సంధి. వేయి మెగావాట్ల ఆ పార్కు మన మెట్టసీమ యెండకును విలువ కలదని చాటినది. ఇట్టి విద్యను మన పిల్లలు అభ్యసించుటెట్లు?

కర్నూలు, కడప ప్రాంతములవారికి మూడు త్రోవలు కలవు. మొదటిది ఇంటర్మీడియట్. రెండేండ్లు గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివి, ప్రవేశ పరీక్ష వ్రాసి, నాలుగేండ్ల ఇంజనీరింగులో చేరవచ్చును. రెండవది పాలిటెక్నిక్కున మూడేండ్ల డిప్లొమా. పిమ్మట ఈసెట్ పరీక్షలో నెగ్గినవారు ఇంజనీరింగు రెండవ సంవత్సరముననే ప్రవేశింతురు. మూడవది కడప జిల్లా ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీ. 2008లో నెలకొల్పిన ఈ విద్యాలయమున రెండేండ్ల ప్రీ యూనివర్సిటీ చదువును, నాలుగేండ్ల ఇంజనీరింగును ఒకేచోట సాగును. గ్రామీణ విద్యార్థులకై యిది యేర్పడినది.

లెక్కించి చూచినచో మూడు త్రోవలును ఆరేండ్లే. భేదము నడుమ నున్నది. వానలు తప్పి చదువు మూడేండ్లకే ఆగినను, డిప్లొమా చదివినవాని చేతిలో పనికి పనికివచ్చు పట్టా యుండును. ఇంటర్మీడియట్ మాత్రమే చదివినవానికి అది చాలదు. అయితే ఇంటర్మీడియట్ వారికి గణితమున పునాది గట్టిది. డిప్లొమా వారు ఇంజనీరింగులో ఆ కొరతను శ్రమించి పూరించుకొనవలెను.

కావున కాలేజీ పేరును మాత్రమే చూడక, పిల్లవాని గణితాభిరుచిని, చేతిపనియందలి ఆసక్తిని, ఇంటి స్థోమతను కలిపి యోచింపుడని తల్లిదండ్రులకు మా మనవి.