మ్యాప్‌లో ఫుల్ సిగ్నల్, వంటింట్లో ఒక్క గీత: ఏఐ ఏం చేయగలదు?

ముదిగుబ్బ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఫోన్ మాట్లాడాలంటే మిద్దె ఎక్కాల్సిందే. టవర్ గుట్టకు అవతల ఉంది. మొన్న పోయినప్పుడు కొలిచి చూశా: మిద్దె మీద మైనస్ 98 డీబీఎం, వంటింట్లో మైనస్ 118. డీబీఎం 10 తగ్గితే పవర్ పదో వంతుకు పడిపోతుంది. అంటే ఈ తేడా వంద రెట్లు! కవరేజ్ మ్యాప్‌లో మాత్రం ఊరంతా ఒకటే రంగు.

ఎందుకిలా? సిగ్నల్ అంచనాకు ఇప్పటికీ బాగా వాడే పాత పద్ధతి ఒకటుంది. జపాన్‌లో ఒకుమురా బృందం టోక్యో ప్రాంతంలో తిరిగి సిగ్నల్ కొలిచి, 1968లో ఆ వివరాలు ప్రచురించింది. వాటిని 1980లో హాటా ఫార్ములాగా మార్చాడు. ఫ్రీక్వెన్సీ, దూరం, యాంటెన్నాల ఎత్తు ఇస్తే సగటున ఎంత సిగ్నల్ పోతుందో చెబుతుంది. మీ ఊరి గుట్ట ఎక్కడుందో ఆ ఫార్ములాకు తెలీదు.

రే ట్రేసింగ్ ఇంకో పద్ధతి. తరంగం దేనికి తగిలి ఎటు మళ్లుతుందో ఒక్కో దారీ లెక్కిస్తుంది. ఫలితం మెరుగే కానీ కంప్యూటర్‌కు చాలా పని.

న్యూరల్ నెట్‌వర్క్ వచ్చేది ఇక్కడే. ఉదాహరణకు రేడియోయూనెట్ అనే మోడల్‌కు బిల్డింగుల మ్యాప్, టవర్ ఉన్న చోటు ఇస్తే చాలు, సిగ్నల్ ఎక్కడ ఎంత తగ్గుతుందో ఒక బొమ్మలా గీసిస్తుంది. వేల సిమ్యులేషన్లు చూసి నేర్చుకుంది కాబట్టి కొత్త మ్యాప్‌కు సెకను కూడా పట్టదు.

కానీ చిక్కు కూడా ఇక్కడే ఉంది. అది నేర్చుకున్నది నగరాల మ్యాపుల మీద. వేరుశనగ చేలు, రాతిగుట్టలు చూడలేదు. చూడనిదాన్ని ధీమాగా తప్పు చెప్పే ప్రమాదం ఉంది. దీనికో దారి ఏంటంటే, అసలు లెక్క ఫార్ములాకే వదిలేసి, అది ఎక్కడ ఎంత తప్పుతోందో మాత్రమే నెట్‌వర్క్‌కు నేర్పడం. అప్పుడు తక్కువ కొలతలతో పని జరిగే అవకాశం ఉంటుంది. గుట్టల ఎత్తులకు ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం డేటా ఉంది, సుమారు 30 మీటర్లకో పాయింట్. లేనిదల్లా ఊళ్లో నడిచి తీసిన కొలతలే.

అవి మీరూ తీయొచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ కనిపిస్తుంది. గీతలు కాదు, ఆ నంబర్ చూడండి. ఇంట్లో, మిద్దె మీద, చేను దగ్గర రాసుకోండి. మా ఊళ్లో అలా నలభై చోట్ల రాశా. మోడల్‌కు అవి చాలవు. గుట్ట నీడ ఎంతవరకు పడుతోందో మాత్రం నాకు అర్థమైంది.