ఒకే గదిలో పన్నెండు మంది



మన సంఘ కుటుంబాల నుండి కువైట్, దుబాయి, సింగపూర్ వెళ్ళిన పిల్లలు చాలామంది ఉన్నారు. జీతం ఎంత, వీసా ఎన్నాళ్ళు అని అందరమూ అడుగుతాము. గదిలో ఎంతమంది పడుకుంటున్నారు, కిటికీ ఉందా అని అడిగేవారు తక్కువ. నర్సులమైన మాకు మొదట తోచే ప్రశ్న అదే.

2020లో సింగపూర్‌లో ఏమి జరిగిందో చూడండి. అక్కడి వలస కార్మికుల వసతి గృహాలలో సుమారు 3 లక్షల 20 వేల మంది ఉండేవారు. గదికి పన్నెండు మంది, ఇరవై మంది; ఒకదానిపై ఒకటి మంచాలు; పంచుకునే స్నానాల గదులు. కోవిడ్ లోపలికి వచ్చాక దూరంగా ఉండమంటే చోటెక్కడ? ఆ సంవత్సరం ముగిసేసరికి వారిలో నూటికి 47 మందికి సోకినట్లు తేలింది. ఎక్కువమంది వయసులో ఉన్నవారు కాబట్టి మరణాలు చాలా తక్కువ. 2021లో అక్కడి ప్రభుత్వం కొత్తగా కట్టే వసతి గృహాలలో గదికి 12 మందికి మించరాదని, మంచాల మధ్య ఒక మీటరు ఎడం ఉండాలని నియమం పెట్టింది. వార్డులో మంచాల ఎడం గురించి పాతకాలపు సిస్టర్లు ఊరికే కేకలు వేసేవారు కాదు!

కోవిడ్ సంగతి అలా ఉంచితే, ఇరుకు గదుల్లో రోజూ కనిపించేది గజ్జి. రాత్రిపూట ఎక్కువయ్యే దురద, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ పొక్కులు. సిగ్గుపడి ఒక్కడే రహస్యంగా మందు రాసుకుంటాడు. పక్క మంచం అబ్బాయికి అప్పటికే అంటి ఉంటుంది; అతనికి దురద మొదలవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఇతనికి తగ్గగానే అతని నుండి మళ్ళీ వస్తుంది. అందుచేత గదిలో అందరూ, దురద లేనివారు కూడా, ఒకే రోజు డాక్టరు చెప్పిన పూతమందు మెడ నుండి అరికాళ్ళ వరకు రాసుకోవాలి. వారం తరువాత మరొకసారి. అదే రోజు దుప్పట్లు, తువాళ్ళు, బట్టలు వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. పురుగు చచ్చిన తరువాత కూడా రెండు మూడు వారాలు దురద ఉండవచ్చు. మందు పనిచేయలేదని మళ్ళీ మళ్ళీ రాస్తే చర్మం పాడవుతుంది.

చలికాలంలో కువైట్ రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోతే వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ మాట ఫోనులో తప్పక చెప్పండి.

ఇక దగ్గు. క్షయ అని తేలితే ఇంటికి పంపేస్తారనే భయంతో దాచిపెడతారు. ఆ భయం లేనిపోనిదని నేననను. కాని దాచిన ప్రతి రాత్రీ అదే గాలి మిగతా పదకొండు మందీ పీలుస్తారు, అతని ఊపిరితిత్తులూ పాడవుతాయి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే పరీక్ష చేయించుకోవాలి. సాధారణ క్షయ ఆరు నెలలు మందులు మానకుండా వాడితే నయమవుతుంది. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ మందులు ఉచితం. సెలవుపై వచ్చిన అబ్బాయి దగ్గుతుంటే పెళ్ళిచూపులకంటే ముందు కళ్ళె పరీక్షకు తీసుకురండి.