జలస్వామ్యము – రాజ్యాంగ రక్షణ: తిరువళ్లూరు, తిరుత్తణి సీమల సాక్ష్యము

నీటిపై ప్రజలకు గల స్వామ్యము ప్రైవేటువారి పాలు గాకుండ రాజ్యాంగముననే రక్షణ కల్పింపవలెనా యను ప్రశ్న పెక్కు దేశములలో చర్చకు వచ్చినది. ఉరుగ్వే దేశము 2004లో ప్రజల యోటు గైకొని, త్రాగునీటి సరఫరాను ప్రభుత్వ సంస్థలే నేరుగా నడుపవలెనని రాజ్యాంగమున చేర్చుకొనెను. స్లొవేనియా 2016లో ఇట్టి సవరణమునే గావించెను. మన దేశమున నీ రక్షణ ఏ నీటికి గావలసియున్నదో తెలిసికొనుటకు తిరువళ్లూరు, తిరుత్తణి సీమలు మంచి యాధారములు. నది, కాలువ, చెరువు, బావి – ఈ నాలుగింటి నీరును ఇచ్చట వేర్వేరు ధర్మములకు లోబడియున్నది.

నగరి నది ఆంధ్రసీమనుండి వచ్చి కుశస్థలిలో గలియును. కుశస్థలిపై పూండి జలాశయము 1944లో ఏర్పడెను. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున జేరెను. ఎల్ల మారినను నది దారి మారలేదు. 1983 ఏప్రిల్ 18న నందమూరి తారక రామారావు, ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా నున్నపుడు తెలుగుగంగ యొడంబడిక జరిగెను. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తలకొక 5 టి.ఎం.సి. చొప్పున విడిచిన కృష్ణాజలములో దారినష్టము 3 పోగా, 12 టి.ఎం.సి. మద్రాసు నగరమునకు జేరవలెను. 1996లో ఆ నీరు కండలేరునుండి ఊత్తుకోట మీదుగా తొలిసారి వచ్చెను. ఇచ్చినవియు పుచ్చుకొన్నవియు ప్రభుత్వములే గాన ఈ నీటి ప్రజాస్వామ్యమును గూర్చి వివాదము లేదు. చెరువు నీరును అట్టిదే. నీరుగంటి తూమునుండి వదలు నీటిలో రైతునకు వంతు గలదే గాని దానిని అమ్ముకొను హక్కు లేదు.

చిక్కంతయు బావియొద్ద గలదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము 7వ విభాగము తన భూమి క్రింది నీటిని సేకరించి వినియోగించు హక్కును భూస్వామికి ఒసగుచున్నది. ఆ చట్టము కపిల తోలు కాలమునాటిది. ఎద్దుల బలమే నాడు నీటి వాడుకకు హద్దు. విద్యుత్తు మోటారునకు అట్టి హద్దు లేదు. నగరమునకు కరవు వచ్చినపుడెల్ల పూండి, తామరైపాక్కం, మీంజూరు ప్రాంతముల భూగర్భజలమే ఆధారమయ్యెను. అక్కడి రైతుల బావులనుండి నగర నీటి సంస్థ వెల యిచ్చి నీరు కొనెను. అనగా ప్రజాసంస్థయే ఆ నీరు రైతు సొత్తని యొప్పుకొన్నట్లాయెను. పైరు పోయిన యేట నీరమ్ముకొనిన రైతును నిందించుట న్యాయము గాదు. కాని అతని మోటారు లాగిన నీరు అతని పొలము క్రిందిది మాత్రమే కాదు, పొరుగు బావిలోనిది కూడ. మీంజూరు దిక్కున సముద్రపు ఉప్పునీరు భూమిలోనికి చొచ్చివచ్చెను. 1987 నాటి మద్రాసు మహానగర ప్రాంత భూగర్భజల చట్టము అనుమతులు విధించెనే గాని స్వామ్యమును తేల్చలేదు. 2003లో రాష్ట్రమంతటికిని చేసిన చట్టము 2013లో రద్దయ్యెను.

న్యాయస్థానములపై ఆధారపడుదమన్నను నిలకడ లేదు. సహజ వనరులకు ప్రభుత్వము ధర్మకర్త యని సుప్రీంకోర్టు 1996లో కమల్‌నాథ్ వ్యాజ్యమున చెప్పెను. ప్లాచిమడ పానీయ కర్మాగారపు వ్యాజ్యమున కేరళ హైకోర్టు న్యాయమూర్తి యొకరు 2003లో ఈ సూత్రమును భూగర్భజలమునకును వర్తింపజేసిరి. 2005లో ఇరువురు న్యాయమూర్తుల పీఠము దానిని త్రోసిపుచ్చి, భూస్వామికి తగుమేర నీరు తోడుకొను హక్కు గలదనెను. ఇట్లు తీర్పునుబట్టి మారు స్వామ్యమునకు రాజ్యాంగ రక్షణ యవసరమే.

అయితే రాజ్యాంగమున వ్రాయు మాట ఎట్టిదో చూడవలెను. "నీరు ప్రభుత్వ సొత్తు" అనినంత మాత్రమున పల్లెకు మేలు కలుగదు. ఇచ్చట పల్లె నీటిని నగరమునకు తరలించినది ప్రభుత్వ సంస్థయే. ప్రభుత్వము ధర్మకర్త మాత్రమేయనియు, ఆ చోటి త్రాగునీటికే మొదటి హక్కనియు వ్రాయవలెను. మీంజూరు చెంత 2010లో ఆరంభమైన, దినమునకు 10 కోట్ల లీటర్ల సముద్రజలశుద్ధి కేంద్రమును ప్రైవేటు కంపెనీ నిర్మించినది. ఉరుగ్వే మాటనే యథాతథముగా దెచ్చినచో ఇట్టివానికి తావుండదు. నీటి స్వామ్యము వేరు, యంత్ర నిర్వహణము వేరు.

నీరు రాష్ట్రజాబితాలోని 17వ అంశము. ఆ జాబితాను మార్చినచో సగము రాష్ట్రముల శాసనసభల యామోదము కూడ కావలెను. 1976లో పర్యావరణమునకై 48-ఎ అధికరణమును చేర్చినట్లు నీటిని ఆదేశసూత్రములలో చేర్చుట సులభమే గాని, 37వ అధికరణము ననుసరించి దానిని న్యాయస్థానములు నేరుగా అమలు జరుపజాలవు. కావున దానికి తగిన చోటు ప్రాథమిక హక్కుల భాగమే.